నీడ లెక్క

నవంబరు 3, సోమవారం. ఉదయం 6.30

నేను డైరీ రాసే మనిషిని కాను. మందుల వేళలు, గ్యాస్ బండ మార్చిన తేదీ, కరెంటు మీటరు రీడింగు, ఇవి రాస్తాను. మనసులో మాటలు రాసుకోవడం తీరికున్నవాళ్ల పని అనుకునేదాన్ని. ఇవాళ మొదలుపెట్టడానికి కారణం ఒక్కటే. నేను తిట్టాలనుకుంటున్న మనిషి నా కోడలి తండ్రి. ఆ పిల్ల ముందు నోరు జారకూడదు. నోరు కట్టేసుకుంటే చెయ్యి ఊరుకోవడం లేదు.

సంగతి ఇదీ. మా అపార్టుమెంట్ల రెండు బ్లాకులకూ దక్షిణం వైపు స్థలంలో నాలుగంతస్తుల భవనం లేస్తోంది. ఇంకో నాలుగు వేసుకుంటానని బిల్డరు అర్జీ పెట్టాడు. అభ్యంతరం ఉన్నవాళ్లు 19వ తేదీన టౌన్ ప్లానింగ్ ఆఫీసుకు వచ్చి చెప్పుకోవాలి.

మాది మొదటి అంతస్తు. మా అక్క గదికి ఉన్నది ఒక్కటే కిటికీ, అదీ దక్షిణానికే. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమెకు ఆ మంచమే లోకం. చలికాలంలో ఎండ ఆ కిటికీలోంచి దిగి, ఆమె పాదాల దగ్గర మొదలై భుజం దాకా పాకుతుంది. ఆమెకు రోజు గడవడమంటే అదే. ఎనిమిదంతస్తులు లేస్తే ఆ ఎండ ఇక రాదు.

మా వియ్యంకుడు అసోసియేషన్ అధ్యక్షుడు. పక్క బ్లాకులోనే ఉంటాడు. కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. లిఫ్టులు పెట్టిస్తానని బిల్డరు ఆశ చూపగానే, మాకేమీ అభ్యంతరం లేదని కాగితం రాసిచ్చేశాడు. మీటింగులో నేను లేచి ఎండ సంగతి ఎత్తాను. అక్కయ్యగారూ, ఎండా వెన్నెలా అని కవిత్వం చెబితే ఆఫీసరు వినడండీ, లెక్క ఉంటే చూపించండి అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

లెక్కట. ఆఫీసులో ప్లాన్లు గీసే డ్రాయింగ్ సెక్షన్‌లో జీవితమంతా గడిపినదాన్ని నేను. లెక్క నాకు చెబుతాడు!

అందుకే లెక్క కట్టాను. రెండు భవనాలనూ కంప్యూటరులో త్రీడీలో గీసి, ఏడాది పొడవునా నీడ ఏ పూట ఎక్కడ పడుతుందో వీడియోగా చేస్తున్నాను. ఆ బొమ్మలు లెక్కకట్టడానికి గ్రాఫిక్స్ కార్డు ఉంది. నా మెషిన్‌లో నడిచేది విండోస్ కాదు, లినక్స్, నా చేత్తో నేనే పెట్టుకున్నది. ఇన్నాళ్లూ పల్లెత్తు మాట అనలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి తెర మీద అక్షరాలు బండరాళ్లంత ఉన్నాయి. మౌస్ కాళ్లీడ్చుకుంటూ నడుస్తోంది.

నవంబరు 4

జబ్బేదో తేల్చుకోకుండా మందు వేయకూడదు. ఏ భాగాలున్నాయో చెప్పమని మెషిన్‌ని అడిగాను. కార్డు పేరు చెప్పింది. అంటే కార్డు చావలేదు. దాన్ని నడిపే డ్రైవర్ ఏదని అడిగాను. ఆ గడి ఖాళీ.

గుర్రం ఉంది, రౌతు లేడు. బొమ్మలు గీసే బరువంతా ప్రాసెసర్ మీద పడింది. ఒక్క బొమ్మ పూర్తయ్యేలోగా నేను బట్టలన్నీ ఆరేసి వచ్చాను. నాకు కావలసినవి వేలల్లో. ఈ నడకతో 19 దాటిపోతుంది.

అక్కకు చెప్పాను. ఏమే, దానికీ పక్షవాతమేనా అంది.

నవంబరు 5

డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. ఇప్పుడు తెర మొత్తం నలుపు. నిన్నటి బండరాళ్లే నయం.

నవంబరు 7, శుక్రవారం

తెర నల్లగా ఉన్నా లోపల మెషిన్ బతికే ఉంటుంది. బొమ్మలు లేని, ఒట్టి అక్షరాల తెరకు వెళ్లే దారి ఒకటుంది. అందులోంచి దూరాను. అద్దాలు తుడుచుకుని లాగ్ మొదటి నుంచీ చదివాను. లాగ్ అంటే మెషిన్ తన గురించి తాను రాసుకునే దినచర్య. నాకంటే నిజాయితీగా రాస్తుంది.

దొరికింది. డ్రైవర్ వచ్చి తలుపు కొట్టింది. నీ సంతకం నాకు తెలియదు పొమ్మని లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్ తలుపు వేసేసింది. సెక్యూర్ బూట్ అనే కాపలా ఆన్‌లో ఉంటేనే అలా జరుగుతుంది. మెషిన్ పెట్టుకున్న రోజునే బయోస్ అనే అడుగు సెట్టింగుల మెనూలోకి వెళ్లి ఆ కాపలాను నేను తీసేశాను. దానంతట అది తిరిగి రాదు. ఎవరో వేలు పెట్టాలి.

ఎప్పుడో కూడా లాగ్‌లోనే ఉంది. ఆదివారం ఉదయం పదకొండు కావస్తుండగా. ఆ వేళకు నేను అక్కకు ఒళ్లు తుడుస్తున్నాను. మెషిన్ ఉన్న హాల్లో అప్పుడున్నది కోడలు, మనవరాలు, కూతుర్ని చూసిపోదామని వచ్చిన గొడుగాయన.

గొడుగాయన అని పేరు పెట్టింది అక్క. ఎండకు అడ్డం పడతాడు కాబట్టి.

లెక్క చూపించమన్నాడు. చూపిస్తాననగానే పలక పగలగొట్టాడు. సరే. నేనూ పగ పెట్టుకోగలను. నా పగకు తొందర లేదు. పద్ధతి ఉంది.

నవంబరు 8

కోడల్ని సూటిగా అడగలేదు. ఆదివారం మీ నాన్నగారికి కాలక్షేపం అయిందా అన్నాను. పాపం, ఆ పిల్ల మనసులో ఏదీ దాచుకోలేదు. అంతా చెప్పేసింది. నాన్న వార్తలు చూద్దామని కూర్చున్నాడట. మెషిన్ ఎక్కడో బిగుసుకుపోతే ఆపి మళ్లీ వేశాడట. ఏవో మీటలు నొక్కితే నీలం మెనూ వచ్చిందట. అయ్యో, అక్కయ్యగారి మెషిన్‌కి సెక్యూరిటీయే లేదమ్మా, దొంగలు దూరితే ఏం గాను అని ఆయనే తాళం వేసి పెట్టాడట. నీకు మంచే చేశాడు అత్తయ్యా అంది.

మంచేలేమ్మా అన్నాను.

పక్కనున్న మనవరాలు నా మొహం చూసి, నాన్నమ్మా, నీ కనుబొమ్మలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి అంది. దాన్ని చదువుకోమని పంపించాను.

బయోస్‌లోకి వెళ్లి ఆ కాపలా తీసేశాను. పాస్‌వర్డు పెట్టాను. పట్టింది రెండు నిమిషాలు. నా వారం రోజులు ఆయన మింగేశాడు.

కావాలని చేశాడా, తెలియక చేశాడా? నా కోపానికి ఆ తేడా అక్కర్లేదు.

నవంబరు 10, సోమవారం

డ్రైవర్ ఎక్కింది. తెర అద్దంలా ఉంది. కార్డు ఫ్యాను గుయ్యిమంటోంది. ఇంత సంగీతం ఈమధ్య వినలేదు.

ఇవాళ ఒక కొత్త పని చేశాను. ఇంతవరకు మోడల్‌లో మా బ్లాకు ఒక్కటే ఉంది. పక్కన ఆయన బ్లాకు కూడా గీశాను. అవసరమై కాదు. ఆఫీసరు ముందు వేలెత్తి, అదిగోనండీ, ఆ రెండో అంతస్తు బాల్కనీలో కూర్చుని ఈయన మా ఎండను రాసిచ్చేశాడు అని చూపించడానికి. డాబా మీద సోలార్ పలకలతో సహా గీశాను. వాటి కొలతలు నాకు కంఠతా వచ్చు. ఆయన ఆ డాబా ఎక్కించి, పలకలు చూపించి, మీటరు చదివి వినిపించని చుట్టం మా ఇరువైపులా లేడు.

రెండర్, అంటే బొమ్మలన్నీ వరసగా గీసే పని, మొదలుపెట్టి పడుకున్నాను. మెషిన్‌కి ఇంత బరువు పెట్టడం ఇదే మొదటిసారి.

నవంబరు 11

పొద్దున లేచి చూస్తే మళ్లీ నలుపు. లాగ్‌లో ఒకే ముక్క. కార్డు బస్సు మీంచి పడిపోయింది. బోర్డుకూ కార్డుకూ మధ్య రాకపోకల దారిని బస్సు అంటారు. కార్డు ఉన్నట్టుండి పలకడం మానేసిందని అర్థం.

అక్క విని, టికెట్టు తీసుకోలేదేమో అంది. ఆమెకు నవ్వులాటగా ఉంది.

వేడెక్కి పడిందనుకున్నాను. ఫ్యానులో దుమ్మంతా కుంచెతో దులిపాను. వేడి చూపించే అంకె తగ్గింది. కార్డు మళ్లీ పడింది. డ్రైవర్ పాత వెర్షన్ వేశాను. పడింది. పాత కెర్నల్‌తో లేపాను. పడింది. బరువు పెట్టనంతసేపూ బుద్ధిగా ఉంటుంది. రెండర్ ఎత్తుకోగానే చేతులెత్తేస్తుంది. ఇలాంటి గుమాస్తాలను ఆఫీసులో చాలామందిని చూశాను.

నవంబరు 12

పొద్దుటి నుంచి లాగ్ చదవడమే. ఏ పేజీ తిప్పినా అదే ముక్క. బస్సు, బస్సు, బస్సు.

నవంబరు 13, గురువారం

కార్డుకు బరువు తగ్గించాను. బొమ్మ సైజు పావు వంతు చేసి, గంటకు ఒక్క బొమ్మ మాత్రమే లెక్కకట్టమన్నాను. మసకమసకగా ఉంది గానీ ఏడాదంతా ఒక చుట్టు తిరిగింది. ఆఫీసులో చూపించడానికి పనికిరాదు. నేను చూసుకోవడానికి చాలు.

అక్క కిటికీ సంగతి అనుకున్నట్టే ఉంది. శీతాకాలమంతా పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చీకటి.

కానీ మధ్యాహ్నం తర్వాత నీడ ఎటు పోతుందో నేను ఎన్నడూ చూడలేదు. మా బ్లాకు దాటాక నాకు పట్టలేదు. ఇవాళ చూశాను. పొద్దు పడమటికి వాలిన కొద్దీ నీడ తూర్పుకు పాకి, ఆయన బాల్కనీ ఎక్కి, గోడ ఎక్కి, డాబా ఎక్కి, సోలార్ పలకల మీద దుప్పటిలా పరుచుకుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ప్రతి మధ్యాహ్నం.

వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. మళ్లీ చూశాను.

తన గోతిని తానే తవ్వుకుని, తవ్వడానికి అభ్యంతరం లేదని సంతకం కూడా పెట్టాడు. దీన్ని 19న, ఆ నవ్వినవాళ్లందరి ముందూ, పెద్ద తెర మీద చూపిస్తాను. పలకల మీదికి నీడ ఎక్కే చోట ఆపుతాను. లెక్క సరిపోయిందా అన్నయ్యగారూ అంటాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనను.

ఇవాళ అన్నం సయించింది.

నవంబరు 14

కోడలు చూసేసింది. నాకు మాత్రలు ఇవ్వడానికి వచ్చి, తెర మీద తన పుట్టింటి డాబా గుర్తుపట్టింది. నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుని, అత్తయ్యా, ఇది నాన్నకి ముందే చూపించు అంది.

చూపించనన్నాను.

ఆ పిల్ల గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువయ్యేది. నాన్న సంగతి నాకు తెలుసు అత్తయ్యా అంది. ఇంట్లో చూపిస్తే ఒక పూట గింజుకుని ఒప్పుకుంటాడు. పదిమందిలో చూపిస్తే చచ్చినా ఒప్పుకోడు, తన సంతకమే కరెక్టని ఇంకో కాగితం కూడా రాసిస్తాడు. అప్పుడు ఆఫీసరు ముందు ఓ పక్క అసోసియేషన్ మొత్తం ఉంటుంది, ఇంకో పక్క నువ్వొక్కదానివీ, ఒక్క కిటికీ. పెద్దత్తయ్య ఎండ పోతుంది. నీ పంతం నెగ్గుతుంది. అంతేగా నీకు కావలసింది అంది.

అంతేగా అన్న మాట ఆ పిల్ల అనకుండా ఉండాల్సింది.

మా అబ్బాయిని అడిగితే, మీ ఇద్దరి మధ్య నేను దూరను అని కంచం తీసుకుని టీవీ ముందుకు వెళ్లిపోయాడు. పెళ్లయిన నాటి నుంచి వాడి రాజ్యాంగం అదొక్కటే.

నవంబరు 15

ఇవాళ మనసుకు వచ్చినవేవీ చదువుకున్నవాళ్లు రాయదగినవి కావు.

నవంబరు 16, ఆదివారం. మధ్యాహ్నం

పొద్దున అక్కకు విషయమంతా చెప్పాను. నా పక్షమే మాట్లాడుతుందనుకున్నాను. చిన్నప్పటి నుంచీ నా తగాదాలన్నీ ఆమే తీర్చింది.

ఎండ అప్పటికి ఆమె మోకాళ్ల మీద ఉంది. దాన్నే చూస్తూ, నీకు ఆయన్ని ఓడించడం కావాలా, నాకు ఈ ఎండ ఉండటం కావాలా అని అడిగింది. రెండూ కావాలన్నాను. రెండూ కావాలన్నవాళ్లకు రెండూ పోతాయే అంది. నేను పోయాక ఓడించుకో, అప్పుడు నీకు తీరికే తీరిక అంది.

అలాంటి మాటలు అనొద్దన్నాను.

మరి గొడుగాయన్ని పిలు అంది.

పిలవడానికి ఫోను నా చేతికి కోడలే తెచ్చి ఇచ్చింది. తలుపు పక్కనే నిలబడి వింటున్నట్టుంది.

అదే రోజు. సాయంత్రం 7

వచ్చాడు. కుర్చీ చూపించాను. చిన్న సైజు బొమ్మ మీద నమ్మకం కుదరదని పెద్ద సైజులో మొదలుపెట్టాను. అక్క కిటికీ దాకా వచ్చింది. సరిగ్గా నీడ ఆయన బాల్కనీకి చేరబోయే ముందు తెర నల్లబడింది. కార్డు మళ్లీ పడింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఎప్పుడు పడుతోందండీ, బరువెత్తినప్పుడేనా అన్నాడు. స్క్రూడ్రైవర్ ఒకటుంటే ఇప్పించండి అన్నాడు. కేబినెట్ పక్క రేకు విప్పి, టార్చి వేసి, ఒక్కసారి చూసి నాలుక చప్పరించాడు. అక్కయ్యగారూ, కార్డుకి కరెంటు రెండు చోట్ల ఇవ్వాలి, మీరు ఒక్క వైరునే రెండుగా చీల్చి ఇచ్చారు, రెండిళ్ల లోడు ఒక్క సర్వీసు వైరు మీద వేస్తే ఊరుకుంటుందా అన్నాడు. కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బాలోంచి ఇంకో వైరు లాగి రెండో చోట పెట్టాడు.

రెండర్ నడిచింది. కార్డు పడలేదు.

నేను రోజుల తరబడి లాగ్ చదివాను. రేకు విప్పి చూడాలని నాకు తట్టలేదు. కాగితంలో లేనిది లోకంలో ఉండదనుకోవడం మా డ్రాయింగ్ సెక్షన్ జబ్బు. ఇది ఆయన చేత్తో తేలిందే అని ఉక్రోషంగా ఉంది.

తర్వాత నీడ ఆయన డాబా ఎక్కింది. నేను ఆపలేదు, ఏమీ అనలేదు. డిసెంబరు మళ్లీ చూపించండి అన్నాడు. చూపించాను. ఉత్తరం ఎటో దిక్సూచి చూసి పెట్టారా, సూర్యుణ్ని పట్టి లెక్కేశారా అన్నాడు. సూర్యుణ్ని పట్టే అన్నాను. తేలు కుట్టిన దొంగలా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఆ తర్వాత అసలు మాట బయటపెట్టాడు. రేపే కాగితం వెనక్కి తీసుకుంటాడట. కానీ అధ్యక్షుడు ఒకావిడ మాట విని మనసు మార్చుకున్నాడంటే బాగుండదు కదండీ అన్నాడు. ఇది అసోసియేషన్ చేయించిన స్టడీ అందాం, 19న నేనే ప్రెజెంట్ చేస్తాను, మీకేమీ అభ్యంతరం లేదుగా అన్నాడు.

అభ్యంతరం లేదా అని నన్నే అడిగాడు!

లోపలి గదిలోంచి అక్క దగ్గింది. ఆమెకు దగ్గు లేదు.

అభ్యంతరం లేదన్నాను.

నవంబరు 17

ఆయన కాగితం వెనక్కి తీసుకున్నాడు. నకలు కోడలు తెచ్చి చూపించింది.

ఇక నా వంతు. మా సెక్షన్‌లో ఏ డ్రాయింగూ కింది మూలన రెండు గళ్లు లేకుండా బయటికి వెళ్లదు. గీసినవారు. సరిచూసినవారు. తప్పు దొరికితే గీసినవాణ్ని ఎవరూ పిలవరు. సరిచూసినవాణ్నే నిలబెట్టి అడుగుతారు. గీసినవాడిది చెయ్యి, సరిచూసినవాడిది మెడ అనేవాళ్లం. వీడియోలో ప్రతి బొమ్మ మూలనా ఆ గళ్లు వేశాను. గీసినవారి దగ్గర నా పేరు. సరిచూసినవారి దగ్గర ఆయన పేరు, లావు అక్షరాలతో.

చూసి మురిసిపోయాడు. సరిచూసినవారంటే పై అధికారేగా అన్నాడు. అంతేగా అన్నాను.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు ఆ గళ్లు చూడగానే ప్రశ్నలన్నీ ఎవర్ని అడుగుతారో నాకు తెలుసు. ఒక మూల కూర్చుని, చేతులు కట్టుకుని, ఆయన నీళ్లు నమలడం చూడవచ్చు. మధ్యాహ్నం దాకా ఆ ఊహలోనే హాయిగా గడిపాను.

మధ్యాహ్నం అక్క దుప్పటి మారుస్తుంటే తట్టింది. ఆయన నీళ్లు నమిలితే పోయేది ఆయన ఎండ ఒక్కటే కాదు.

మూడింటికి కబురు చేశాను. రేపు పొద్దున నోట్సు పుస్తకం తెచ్చుకోండి అన్నయ్యగారూ, పాఠం ఉంది అన్నాను.

నవంబరు 18, మంగళవారం

పొద్దున తొమ్మిదికి కూర్చోబెట్టాను, సాయంత్రం లేపాను. సూర్యుడి ఎత్తు ఏ నెల ఎంత. గోడకూ గోడకూ ఎడం ఎంత. నాలుగంతస్తుల నీడ ఎక్కడ ఆగుతుంది, ఎనిమిదింటిది ఎక్కడ ఆగుతుంది. తప్పు చెబితే మళ్లీ మొదటి నుంచి చెప్పించాను. టీ అడిగితే డిసెంబరు అప్పజెప్పాక అన్నాను. ఒకసారి కూతురి వైపు దీనంగా చూశాడు. ఆ పిల్ల పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది. మనవరాలు గుమ్మంలో నిలబడి, తాతయ్యా, నాన్నమ్మ నీకు కూడా ఎక్కాలు చెప్పిస్తోందా అంది.

పగ తీర్చుకోవడానికి ఇంత మంచి పద్ధతి ఉందని ముందే తెలిస్తే నల్ల తెరల కోసం అంత ఏడ్చేదాన్ని కాను.

పోయేటప్పుడు, మీరు టీచరై ఉంటే పిల్లలు ఎలా బతికేవారో అన్నాడు. నేను టీచర్ని కానండీ, మీ కోసమే అయ్యాను అన్నాను.

నవంబరు 19, బుధవారం. మధ్యాహ్నం 3

అయింది.

ఆఫీసరు నాకంటే చాలా చిన్నది. తెర మీద గళ్లు చూసింది. సరిచూసినవారు ఎవరండీ, ఇలా ముందుకు రండి అంది. నేను చేతులు కట్టుకున్నాను.

ఆయన ఒక్కచోటా తడబడలేదు. ఉత్తరం అడిగింది, చెప్పాడు. డిసెంబరు అడిగింది, చెప్పాడు. బిల్డరు తరఫు ఇంజనీరు లేచి, నాలుగంతస్తులకే ఎలాగూ నీడ పడుతుంది కదా అన్నాడు. పడుతుంది, మా మొదటి అంతస్తు కిటికీ కింది అంచు దాకా, అక్కడ ఆగుతుంది, చూస్తారా అని వెనక్కి తిప్పి చూపించాడు. నేను చెప్పినట్టే, నా మాటలతోనే, చివరికి నాలాగే అద్దాలు ముక్కు మీదికి జార్చి మరీ చెప్పాడు.

పై నాలుగంతస్తులకూ అనుమతి నిరాకరించారు.

బాగా చెప్పాడు. అదే నాకు మింగుడుపడటం లేదు.

బయట వరండాలో, ఆనాడు నవ్వినవాళ్లంతా ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. అధ్యక్షుడుగారు భలే లెక్క తీశారండీ అన్నారు. ఆయన కాదనలేదు. నేను ఆటో కోసం వెతుక్కున్నాను.

ఇంటికి వచ్చి అక్కకు చెప్పాను. సరే, తలగడ ఎత్తు అంది. అంతే అంది.

నవంబరు 20. ఉదయం

ఇక జరగవలసినవి.

1. బయోస్ పాస్‌వర్డు మార్చాలి. కోడలికి చెప్పాలి. ఆమె తండ్రికి చెప్పకూడదు.

2. నాలుగో అంతస్తు స్లాబు పడేదాకా నెలనెలా గోడ ఎత్తు కొలవాలి. కొలిచేది నేను. టేపు రెండో కొస ఎండలో పట్టుకుని నిలబడేది ఆయన.

3. వరండాలో చెయ్యి ఊపినవాళ్లను, మీటింగులో నవ్వినవాళ్ల కింద ఇంకోసారి లెక్కవేయాలి.

4. కార్డు వైరు ఆయన పెట్టినట్టే ఉంచాలి. ఎవరు పెట్టారని అడిగితే నేనే అనాలి.

5. పదకొండింటికి ఎండ భుజం దాకా వచ్చాక అక్కకు కునుకు పడుతుంది. ఆ వేళ ఎవరొచ్చినా లేపకూడదు. ఆయనొస్తే కుర్చీ వేసి, కిటికీకి అడ్డం లేకుండా, మాట్లాడకుండా కూర్చోమనాలి.